ఫైనల్ ఆడిన బీరువా

మా ఇంట్లో ఉన్న చెక్క బీరువా టేబుల్ టెన్నిస్ ఫైనల్ ఆడింది. ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, జనం కుర్చీలెక్కి అరుస్తుంటే, ఆఖరి గేము దాకా నిలబడి ఆడింది.

నమ్మకం కుదరడం లేదా? సరే, కొంచెం తగ్గిస్తాను. బీరువా మొత్తం ఆడలేదు. దాని కుడి తలుపు ఆడింది. తలుపు కూడా మొత్తం కాదు, అందులోంచి కోసిన అరచెయ్యంత ముక్క. చెమటలు పట్టినది బీరువాకి కాదు, మా చెల్లెమ్మకి. ఇంతకన్నా తగ్గించడం నావల్ల కాదు. కథలో మిగిలినదంతా అచ్చమైన నిజం.

చెల్లెమ్మ అంటే మా బావమరిది భార్య. బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఈ కథ అతనిది. అతను పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. మా పేటలో కాస్త వయసు మళ్ళినవాళ్ళు ఎవరైనా మీకేసి చూసి నవ్వారంటే, ఆ నవ్వులో సగం అతని చేతిపని. సాయంత్రం పళ్ళ పని ముగించి ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, వెనక గదిలోకి దూరి టేబుల్ టెన్నిస్ బ్యాట్లు చేస్తాడు. అమ్మడానికి కాదు. ఎవరైనా డబ్బిస్తానంటే, చేదు మందు మింగినట్టు మొహం పెడతాడు.

ఆ గది నిజానికి పాత సామాన్ల గది. కిటికీ కింద ఒక బల్ల, బల్ల మీద నున్నటి రాతి పలక, గోడకి రంపాలు, చిత్రిక, వరసగా బిగింపులు. ఒక డబ్బాలో పళ్ళకి పనికిరాకుండా అరిగిపోయిన సన్నటి ఆకురాళ్ళు. అక్కడ కూర్చుని కాఫీ తాగితే రంపపు పొట్టు కూడా తాగినట్టే. నేను చాలాసార్లు తాగాను. అరిగిపోయింది.

రబ్బరు అంటించక ముందు బ్యాట్ అంటే ఒట్టి చెక్క. ఆటగాళ్ళు దాన్ని బ్లేడు అంటారు. చూడ్డానికి ఒకటే చెక్క, కానీ లోపల పొరలు. మధ్యలో తేలికైన మందపాటి పొర, దానికి అటూ ఇటూ పల్చటివి. చెక్కకి నార ఉంటుంది కదా, ఒక పొర నార నిలువుగా ఉంటే పక్క పొరది అడ్డంగా ఉండాలి. అన్నీ ఒకే వైపు పెట్టి అతికిస్తే బ్యాట్ విసనకర్రలా ఊగుతుంది. ఇదంతా నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. మా వాడికి మాత్రమే ఉన్నది చెవి. వేలి కణుపుతో చెక్కని టకటకమని కొట్టి, అది బంతిని ఎలా పంపుతుందో చెప్పేస్తాడు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు కుర్చీని కొట్టి చూస్తాడు. అందుకే చుట్టాలందరికీ అతను 'టకటక'. ఒకసారి నా నెత్తి మీద కూడా కొట్టి చూసి, "బావా, మధ్య పొర లేదు" అన్నాడు.

ఇక మా చెల్లెమ్మ. ఆవిడ బస్సు కండక్టరు. రైట్ రైట్ అని అరిచిందంటే వెనక వీధిలో ఆగిన బండి కూడా కదులుతుంది. డిపోలో అందరూ 'రైటమ్మ' అంటారు. డిపో పోటీల్లో ఏటా ఫైనల్‌కి వస్తుంది, ఏటా ఓడిపోతుంది. ఓడించేది ఎప్పుడూ ఒక్కరే, టైర్ల సెక్షన్‌లో పనిచేసే ఫిట్టరమ్మ. లారీ టైరుని ఒంటి చేత్తో తిప్పే మనిషి, బంతిని కూడా అలాగే కొడుతుంది. ఆవిడ పేరు 'సమ్మెట'. రైటమ్మ ఆట దానికి పూర్తిగా ఎదురు. బల్లకి దూరంగా నిలబడి, వచ్చిన ప్రతి దెబ్బనీ కిందికి కోసి, బంతి వేగాన్ని చంపి మెల్లగా తిప్పి పంపుతుంది. అవతలివాళ్ళు కొట్టీ కొట్టీ విసిగి తప్పు చేసేదాకా కాస్తుంది. ఆ ఆటకి మెత్తటి చెక్క కావాలి, పిడిని పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోవాలి.

ఆ సంవత్సరంతో రైటమ్మ రిటైరవుతోంది. డిపో పోటీ డిపోలో పనిచేసేవాళ్ళకే. అంటే కప్పు ముట్టుకోవడానికి ఆవిడకి మిగిలింది ఆ ఒక్క ఫైనల్. అది వచ్చే ఆదివారం అనగా, బ్యాట్ విరిగింది.

ఎలా విరిగిందో చెబితే కండక్టర్లు తప్ప ఎవరూ నమ్మరు. ప్రాక్టీసు నుంచి నేరుగా డ్యూటీ ఎక్కింది. బ్యాట్ ఇంకా చేతిలోనే ఉంది. స్టాపులో ఒక ముసలాయన మూటతో ఎక్కలేక అవస్థ పడుతుంటే ఎడం చేత్తో ఆయన్ని పైకి లాగింది. ఆయన ఎక్కగానే అలవాటు ప్రకారం కుడి చేత్తో బస్సు రేకు మీద దబదబా బాదింది. "రైట్ రైట్!"

రేకు మోగలేదు. ఫటేలుమంది. డ్రైవరు అద్దంలో చూసి అడిగాడు.

"అక్కా, ఏదో విరిగింది?"

"నా ప్రాణం. నువ్వు పోనీ."

ఆ బ్యాట్ వాళ్ళ పెళ్ళయిన కొత్తలో టకటక చేసి ఇచ్చినది. ఆవిడ చేతిలో అరిగి అరిగి పిడి ఆవిడ అరచేతి అచ్చులా తయారైంది. ఆ సాయంత్రం రెండు ముక్కల్నీ భర్త ముందు పెట్టి, "చేస్తారా?" అంది. అంతే. టకటక అన్నం కూడా సగంలో వదిలేసి లేచాడు.

దుకాణం నుంచి పొరలు తెచ్చి ఒకటి చేశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని దాని మీద బంతిని ఎగరేసింది.

"బానే ఉంది. కానీ పరాయి మనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టుంది."

ఇంకొకటి చేశాడు.

"మరి ఇదీ?"

"వీడు షేక్‌హ్యాండ్ ఇచ్చి చెయ్యి వదలట్లేదండీ."

మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో ఏదో చప్పుడు. చూస్తే టకటక మా చెక్క బీరువాకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏరా, నాడి ఆడుతోందా?"

"బావా, ఇదే గొంతు," అన్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి. "పాత బ్యాట్ గొంతు ఇదే! మర్చిపోయాను చూడు, అప్పట్లో దీని ఎడమ తలుపు చెమ్మకి ఊడిపోతే నువ్వే కదా నాకు పట్టుకుపొమ్మన్నావు? ఆ బ్యాట్ నడుం ఆ తలుపే!"

ఆ బీరువా సంగతి కొంచెం చెప్పాలి. అది నేను చదివిన కాన్వెంటుది. మా దగ్గర లాక్కున్న బొంగరాలు, గోళీలు, రబ్బరు బంతులు సిస్టర్లు అందులో పెట్టి తాళం వేసేవాళ్ళు. మా క్లాసు సిస్టర్ తాళంచెవిని నడుముకి కట్టుకుని నిద్రపోయేదని మా నమ్మకం. చాలా ఏళ్ళ తరవాత స్కూలుకి ఇనుప బీరువాలు వచ్చి దీన్ని అమ్మేస్తుంటే పరిగెత్తుకెళ్ళి కొన్నాను. నా బొంగరం ఏ మూలనో దొరుకుతుందని ఆశ. దొరకలేదు. ఏ చెట్టు చెక్కో ఏ వడ్రంగీ చెప్పలేకపోయాడు. తేలిగ్గా ఉంటుంది, ఎండి ఎండి గలగలలాడుతుంది. ఎడమ వైపు అప్పటినుంచీ పరదా వేలాడుతోంది. మిగిలిన కుడి తలుపంటే మా ఆవిడకి ప్రాణం, దానికి అద్దం ఉంది.

"మీ అక్క ఒప్పుకోదురా."

"అక్కని అడిగితే కదా ఒప్పుకోకపోవడానికి?"

మా వాడు అంత మర్యాదస్తుడు.

మా ఆవిడ సంచీ పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళగానే పని మొదలెట్టాం. నేను తలుపుని పొట్టకి ఆనించి పట్టుకున్నాను. టకటక స్టూలెక్కి పై మడతబందు మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు. మొదటి మర కిర్రుమంది.

"కిందిది ముందు విప్పు. పైది ముందు విప్పితే తలుపు మీ బావ నెత్తిన పడుతుంది."

గుమ్మంలో మా ఆవిడ. చేతిలో ఖాళీ సంచీ. స్టూలు మీద టకటక కొయ్యబారిపోయాడు. నేను తలుపు వెనక్కి జరిగాను. అద్దం ఆవిడ వైపు ఉంది కాబట్టి కాసేపు తన మొహమే కనిపిస్తుంది, నాది కనిపించదు అని నా లెక్క.

"అక్కా, అదీ... రైటమ్మ బ్యాట్..."

"తెలుసు. నిన్న ఫోన్లో ఏడ్చింది. ఎడమ తలుపు నీకిచ్చిన రోజే అనుకున్నాను, రెండోది కూడా ఎప్పుడో నీ రంపం కిందికే వస్తుందని." సంచీ కింద పెట్టి కొంగు దోపుకుంది. "అద్దం జాగ్రత్తగా తియ్యండి. ఒకటే చెబుతున్నా. నా మరదలు ఈసారి కూడా ఓడిపోయి వచ్చి నా వంటింట్లో కూర్చుని ముక్కు చీదిందంటే, మీ ఇద్దరినీ ఈ బీరువాలో పెట్టి తాళం వేస్తాను."

"తలుపులుండవు కదే," అన్నాను.

"పరదా కుట్టేస్తా!"

అక్కణ్ణుంచి ఇల్లు ఇల్లులా లేదు. టకటక తలుపుని రంపంతో నిలువునా పొరలుగా చీల్చాడు. మొదటి పొర విరిగింది. రెండోది ఒక పక్క పల్చబడింది. మూడోది రంపం లోంచి వస్తున్నప్పుడు గదంతా సుద్దముక్కల వాసన కొట్టింది. నాకు ఒక్కసారిగా సిస్టర్ నా వెనక నిలబడినట్టయి చేతులు కట్టుకున్నాను. దాన్ని చిత్రిక పట్టి, వెలుతురుకి పెట్టి చూసి, మళ్ళీ చిత్రిక పట్టాడు. అటూ ఇటూ పల్చటి పొరలు అడ్డంగా, పైన మళ్ళీ నిలువుగా. జిగురు రాసి రాతి పలక కింద పెట్టి బిగింపులు బిగించాడు. బరువు చాలదేమోనని నేను కూడా ఆ మధ్యాహ్నమంతా పలక మీద కూర్చున్నాను. బిగింపులుండగా నువ్వెందుకు అంటారేమో, బిగింపులకి నా అనుభవం లేదు.

ఆరాక సన్న రంపంతో గుండ్రంగా, పిడి కోసం కింద తోక వదిలి కోశాడు. అంచులు ఆకురాయితో, పంటి అంచు నునుపు చేసినట్టు, నాలుకకి గుచ్చుకోకూడదన్నంత శ్రద్ధగా రాశాడు. చివరికి చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో కొట్టాడు.

టొక్.

టక్ కాదు, టిక్ కాదు. టొక్. నాక్కూడా తెలిసింది.

"రావే!" అని వీధి దాకా వినపడేలా కేకేశాడు. రైటమ్మ యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. ఇంకా పిడి లేదు, తోకకి గుడ్డ చుట్టి ఇచ్చాడు. కళ్ళు మూసుకుని బంతి ఎగరేసింది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. కళ్ళు మూసుకునే ఉంది, చెంపల మీద నీళ్ళు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. నేను బయటికి నడిచాను. నాకూ కళ్ళలో రంపపు పొట్టు పడింది.

రబ్బర్లు అంటించాడు. ఇక మిగిలింది పిడి. అదేమీ కష్టం కాదు, రెండు చెక్కలు తోకకి అటొకటి ఇటొకటి అతకాలి. అక్కడే మా వాడు చెయ్యకూడని పని చేశాడు. ఆదివారం పొద్దున చూస్తే జిగురు డబ్బా మూత సరిగ్గా పెట్టక అడుగుదాకా గడ్డకట్టింది. కొత్తది తెచ్చినా మధ్యాహ్నానికి ఆరదు. అప్పుడు ఈ మహానుభావుడు కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీ రంగు ముద్ద తీశాడు. అది ఇట్టే రాయిలా గట్టిపడుతుంది.

"పళ్ళని పట్టుకునేది పిడిని పట్టుకోదా బావా?"

"పళ్ళతో సమ్మెట స్మాష్‌ని ఎవరు ఆపారురా?"

వినలేదు. పిడి చుట్టూ చక్కటి గులాబీ గీత. బ్యాట్ ఇకిలిస్తున్నట్టుంది.

ఫైనల్ డిపో భోజనాల హాల్లో. బల్లలన్నీ గోడకి నెట్టి మధ్యలో ఆట బల్ల వేశారు. డ్యూటీ దిగినవాళ్ళు, ఎక్కాల్సినవాళ్ళు, ఎందుకొచ్చారో తెలియనివాళ్ళు, అందరూ అక్కడే. డ్యూటీలు వేసే గుమస్తా అంపైరు. ఆయన్ని ఎదిరిస్తే మర్నాడు ఏ రూటు పడుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఆయన మాటకి తిరుగులేదు.

సమ్మెట బ్యాట్ తీసుకుని తిప్పి చూసింది. "రైటమ్మా, నీ బ్యాట్‌కి చిగుళ్ళొచ్చాయే! కరుస్తుందా?"

"దగ్గరికి రా, తెలుస్తుంది."

ఆట మొదలైంది. సమ్మెట బాదింది. రైటమ్మ గోడ దాకా వెనక్కెళ్ళి కోసింది. టొక్. బంతి వానలో తడిసిన పిట్టలా వెళ్ళి నెట్ దాటి చతికిలబడింది. సమ్మెట మళ్ళీ బాదింది. టొక్. మళ్ళీ. టొక్. చివరికి సమ్మెట బంతిని కిటికీలోంచి బస్సులోకి కొట్టింది. హాలు గొల్లుమంది. మొదటి గేము రైటమ్మది! రెండోది సమ్మెటది, మూడోది మళ్ళీ రైటమ్మది, నాలుగోది సమ్మెటది. నా గొంతు మూడో గేములోనే పోయింది. మా ఆవిడ ఎవరిదో టిఫిను క్యారేజీ మూత తీసుకుని వాయిస్తోంది. టకటక ఒక్కడే ఆట చూడటం లేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

ఆఖరి గేము. రైటమ్మ ముందుంది, బాగా ముందుంది. ఇంకో మూడు పాయింట్లు చాలు. అప్పుడు టకటక కళ్ళు తెరిచాడు. మొహం పాలిపోయింది.

"బావా, పిడి విడిచింది."

"నాకేం వినపడలేదే."

"టొక్ వెనక జిర్రుమంటోంది. చెక్క దెబ్బకి కొంచెం వంగుతుంది, ఆ ముద్ద వంగదు. పగిలింది. నేనే... నేనే చేశాను."

అతను చెప్పినంతసేపట్లో సమ్మెట వరసగా పాయింట్లు తీసింది. రైటమ్మ కోసిన బంతులు వణుకుతూ పైకి లేస్తున్నాయి, లేచినవాటిని సమ్మెట నేలలోకి దిగేస్తోంది. ఎనిమిదికి ఎనిమిది. రైటమ్మ చెయ్యెత్తి టైమ్ అడిగింది. నిమిషం విరామం.

టవల్‌తో మొహం తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చింది. టకటక నోరు తెరిచాడు.

"చెప్పకండి," అంది. "రెండు గేముల ముందే నా చేతికి తెలిసింది. ఇంకో బ్యాట్ తీసుకోమని అంటే మాత్రం ఊరుకోను. అన్నయ్యా, వదినా, తలుపు విప్పి ఇచ్చారు, దీంతోనే ఆడతా."

"గట్టిగా పట్టుకుంటే మోగదు," అన్నాడు టకటక మెల్లగా. "పిడికిలి బిగించి పట్టుకుంటే రెండు చెక్కలూ కదలవు. కానీ బిగించి పట్టుకుంటే నువ్వు కొయ్యలేవు."

"కొయ్యలేను."

"మరి?"

రైటమ్మ భర్త కేసి చూసింది. మొహంలో ఏదో అల్లరి. బస్సు నిండిపోయాక కూడా ఇంకొకర్ని ఎక్కించుకునేటప్పుడు ఉండే మొహం అది.

"మరేముంది? కొడతా."

పెళ్ళినాటి నుంచి ఆవిడ ఒక్క బంతి కూడా కొట్టగా ఎవరూ చూడలేదు. ఆవిడ వెళ్ళి బల్లకి ఆనుకుని నిలబడింది. సమ్మెట నవ్వింది, సర్వీసు చేసింది. రైటమ్మ పిడికిలి బిగించి, బస్సు రేకు మీద బాదినట్టు బాదింది. బంతి ఎటు వెళ్ళిందో అంపైరుకి కూడా తెలియలేదు, సమ్మెట వెనక గోడకి తగిలి తిరిగొచ్చాక తెలిసింది. హాలు పైకప్పు లేచిపోయింది.

"రైట్ రైట్!" అని డ్రైవర్లంతా అరుపులు. ఇంకో దెబ్బ. ఇంకో పాయింటు! సమ్మెట వెనక్కి జరిగింది. వెనక్కి జరగడం ఆవిడకి అలవాటు లేదు, తన కాలు తనకే అడ్డం పడింది. అయినా గట్టి పిండం, ఒకటి లాక్కుంది. పదికి తొమ్మిది. మా ఆవిడ క్యారేజీ మూత వాయించడం మానేసి నా చెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను.

చివరి బంతి సమ్మెట బలమంతా పెట్టి కొట్టింది. రైటమ్మ వెనక్కెళ్ళలేదు. ఎదురెళ్ళి, పిడికిలితో, దబేలుమని. పిడి ఒక పక్క చెక్క ఊడి గాల్లోకి లేచింది. బంతి అవతల బల్ల అంచుని ముద్దుపెట్టుకుని కిందికి జారింది.

కప్పు ఎవరు ఎత్తారో నేను చూడలేదు, నేను కుర్చీ మీదనుంచి పడ్డాను. లేచేసరికి సమ్మెటే రైటమ్మని కప్పుతో సహా భుజాన ఎత్తుకుని తిప్పుతోంది. ఊడిన గులాబీ ముక్కని టకటక నేల మీద వెతుక్కుంటున్నాడు. ఆ ఎత్తునుంచే రైటమ్మ కేకేసింది.

"ఏవండీ! ఇంకోసారి ఆ చిగుళ్ళ ముద్ద నా బ్యాట్‌కి పెట్టారో, మీ పళ్ళన్నీ ఊడగొట్టి దాంతోనే అతికిస్తా!"

కప్పు ఇప్పుడు మా బీరువాలో, పరదా వెనక ఉంది. వాళ్ళింట్లో పెట్టుకోమంటే రైటమ్మ ఒప్పుకోలేదు, "ఆడినదాని ఒళ్ళోనే ఉండనీ అన్నయ్యా" అంది.

ఇదంతా రాసి, నిన్న టకటకకి చదివి వినిపించాను. పరదా పక్కనే కుర్చీలో కూర్చుని, కుర్చీ చేతిని కణుపుతో కొట్టుకుంటూ, అన్నీ విన్నాడు.

"అబద్ధం," అన్నాడు.

"ఏది?"

"మొత్తం. నేను చిగుళ్ళ ముద్ద ముట్టుకోలేదు. నువ్వు రాతి పలక మీద కూర్చోలేదు, కూర్చుంటే పలకే పగిలేది. మా ఆవిడ జన్మలో బంతిని కొట్టలేదు, కోసే గెలిచింది. పిడి ఊడలేదు. చెక్క దుకాణంలో కొన్నది."

"మరి నా బీరువా తలుపేదిరా?"

టకటక పరదా కేసి చూశాడు. పరదాని కొంచెం పక్కకి జరిపి, లోపల కప్పుని ఒకసారి కణుపుతో కొట్టి విన్నాడు. పరదా మళ్ళీ సరిచేశాడు.

"ఏ తలుపు బావా? ఈ బీరువాకి మొదటినుంచీ తలుపుల్లేవు."